షావుకారు రెండో సంపుటి కోసం సబ్హాన్ దాకా

జహ్రా నుంచి సబ్హాన్‌కి "ఒకే బస్సు, అరగంట చాలు అవ్వా" అని కామెంటు పెట్టిన రాయచోటి అబ్బాయీ, నువ్వు కువైట్‌లో ఎన్నేళ్లు చేశావో గానీ బస్సు మాత్రం ఎక్కలేదు. జహ్రా బస్సు గంటంబావుకి మిర్కాబ్‌లో దింపేస్తుంది, మూడు వందల ఫిల్సులు. అక్కణ్ణుంచి సబ్హాన్ గోదాములకు టాక్సీయే గతి. మూడు దీనార్లు, ఇంకో అరగంట.

ఇంతకీ ఎందుకు వెళ్లానంటే, ఇక్కడి శుక్రవారం సంతలో పందొమ్మిదో శతాబ్దపు అమెరికా షావుకారొకడి జీవితచరిత్ర దొరికింది, రెండు సంపుటాలు. ఉప్పుచేపలమ్మి ఓడలు కొని, బానిసలు పండించిన పత్తి మోసి, చట్టసభకెక్కినవాడు. పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించాలన్న బిల్లు మీద ఓటు వేయవలసిన రోజు పొద్దున, ఆయన బూట్లు తొడుక్కుంటుండగా మొదటి సంపుటి అయిపోయింది. రెండోది వెతికితే లేదు. పక్క కువైటీ ఇంట్లో పనిచేసే రమణమ్మ, ఊరికి పంపే కార్గో పెట్టెలో సందులు నింపడానికి పాత పేపర్లు అడిగిందట. నర్సు డ్యూటీ హడావిడిలో మా అమ్మాయి పేపర్లతో పాటు పుస్తకాన్నీ ఇచ్చేసింది. నాకు తెలిసేసరికి పెట్టె సబ్హాన్ కార్గో గోదాముకు చేరిపోయింది.

టాక్సీ డ్రైవరు పెషావరువాడు. కథంతా విని, ఓడలున్నవాడు ఓడల వైపే ఉంటాడని తేల్చేశాడు.

సెలవురోజు కాబట్టి రమణమ్మా గోదాముకు వచ్చింది. పెట్టె విప్పితే మళ్లీ తూకం వేయాలి, ఈ కంటైనర్ తప్పితే ఇంకో నెల అన్నాడు గుమాస్తా. అందులో ఉన్నవి రమణమ్మ కూతురి కాన్పుకు బట్టలు, పాలపొడి, ఓ కుక్కరు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఊరెళ్లడానికి సెలవివ్వలేదు గనక తల్లికి బదులు పెట్టె వెళుతోంది.

"విప్పండమ్మా, మీ బుక్కు గదా. సూసుకోకుండా నేనే పెట్టినా" అంది. ముడి మీద చెయ్యి వేసి ఆగింది. "ఆ షావుకారు వాళ్లని పట్టిచ్చినాడా, లేదామ్మా?" శుక్రవారాలు నా చేత ఆ కథ చెప్పించుకున్నది ఆవిడే మరి.

"అందులోనే ఉంది" అన్నాను. ముడి వైపోసారి, కంటైనర్ వైపోసారి చూసి, పెట్టె ఎక్కించమని గుమాస్తాకు చెప్పాను.

తిరుగుదారంతా చిరాకే. సరుకు చూస్తావా మనిషిని చూస్తావా అని ఆ షావుకారును నాలుగు వందల పేజీల పాటు నిలదీశాను. నా వంతు వచ్చినప్పుడు నేనూ గబుక్కున ఏమీ చెప్పలేదు.

సబ్హాన్‌లో తిరుగు టాక్సీ దొరకదు, వచ్చినవాణ్ణే ఆగమనండి.

రాయచోటి అబ్బాయీ, నీకో పని. పెట్టె నలభై రోజుల్లో చేరుతుంది. రమణమ్మ వాళ్లదీ మీ రాయచోటి వైపే, ఇంటి గుర్తులు విడిగా పంపుతాను. పుస్తకం కుక్కరుకూ పాలపొడి డబ్బాకూ మధ్య ఉందట. మొదటి అధ్యాయం చదువు. బాలింత ఉన్న ఇల్లు, ఉత్త చేతులతో వెళ్లకు. ఆయన ఓటు ఎటు వేశాడో ముందు రమణమ్మకు ఫోన్ చేసి చెప్పు. నాకు తర్వాత.