కథకు కట్టేసిన మేక

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక కథ ఏటా ఒక మేకను తినేది. పాలకుర్తికి దగ్గరలో మా ఊరు. పూర్వం చెరువు కట్ట నిలవకపోతే మా పక్కింటివాళ్ళ కోడలొకామె తనంతట తానే బలి అయ్యిందట. అందుకని వానలకు ముందు ఆ ఇంటివాళ్ళే కట్టమైసమ్మకు మేకనివ్వాలట. కోసిన మేకలో తలకాయ, ఒక తొడ పటేలు ఇంటికి పోయేవి. మిగిలింది ఊరు పంచుకునేది. ఇచ్చిన ఇంటికి పుణ్యం మిగిలేది.

ఆ ఏడు పక్కింటి అక్కకు ఉన్నది ఒకే మేక, అదీ సూడిది. భర్త పోయాక దాని పాలు, అది ఈనబోయే పిల్లలే ఆమెకు ఆధారం. పటేలు మనుషులు వచ్చి దాని మెడకు పసుపు తాడు కట్టి పోయారు. అక్క మా వాకిట్లోకి వచ్చి ఏడవలేదు, తిట్టింది. "మా ఇంటి ఆడిది సచ్చిందీ వీళ్ళ కట్ట కోసమేనట, మేకను ఇచ్చేదేమో మేమట!"

"ఊరి చరిత్ర గదమ్మా, ఏం జేస్తం" అన్నాడు మా నాయన.

మా మేనత్త తొర్రూరు బడిలో పంతులమ్మ, సెలవులకు వచ్చి ఉంది. ఆ మాటకు ఆమె మండిపడింది. "చరిత్రనా? ఎవరినడిగి తెలుసుకున్నవన్నా?"

ఆ పూట మా నాయనకు, ఆయన పక్కన కూర్చున్న నాకు ఆమె చెప్పిన పాఠం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇతిహాసమంటే 'ఇట్లా జరిగిందట' అని. పురాణమంటే పాతది, అంతే. అబద్ధానికీ వయసు మీద పడుతుంది. చరిత్ర అనే మాట నడక నుంచి పుట్టింది, కాబట్టి నడిచినవాళ్ళ అడుగులు వెతకాలి. ఇంగ్లీషువాళ్ళ హిస్టరీ గ్రీకుల దగ్గర నుంచి వచ్చింది, అక్కడ దానికర్థం అడిగి తెలుసుకోవడం. "అడగకుండ నమ్మితే అది చరిత్ర గాదన్నా, భయం."

మేకను కోసే రోజు ఊరంతా కట్ట మీద చేరింది. మేనత్త మైసమ్మ గద్దె ముందుకు వెళ్ళి ఒక్కటే కోరింది. ఈ కథను ఎవరి నోట విన్నారో వాళ్ళ వెనుక నిలబడండి, చెప్పినవాళ్ళు పోయివుంటే వాళ్ళ కొడుకుల వెనుక.

"పంతులమ్మ కట్ట మీదనే బడి పెట్టిందిరో!" అని ఎవరో అరిచారు. జనం నవ్వుకుంటూనే నిలబడ్డారు. కొడుకులు తండ్రుల వెనుక, తండ్రులు కుమ్మరి తాత వెనుక చేరారు. కుమ్మరి తాత, పోయిన పటేలు తండ్రే తనకు చెప్పాడంటూ, కట్టె పొడుచుకుంటూ పోయి పటేలు వెనుక నిలబడ్డాడు. వరుసలన్నీ ఒక్కటైపోయాయి. అందరికంటే ముందు పటేలు ఒక్కడే మిగిలాడు.

పక్కింటి అక్క మాత్రం ఏ వరుసలోనూ లేదు. "మా అత్త నాకీ కథ ఎన్నడు జెప్పలే. మీరే జెప్పిన్రు" అంది.

"మా తాత జెప్పిండు! మా తాత అబద్ధమాడుతడా?" అని పటేలు గర్జించాడు.

"కోడలు పోయిన ఇంట్ల ఈ ముచ్చటే లేదు. తొడ తిన్న ఇంట్ల ఉన్నది. గదెట్ల పటేలా?" అని అడిగింది మేనత్త.

కుమ్మరి తాత వరుస వదిలి వెళ్ళి మేక మెడలో తాడు విప్పాడు. కట్ట తెగితే ఊరు మట్టిగొట్టుకుపోతుందని పటేలు శాపం పెట్టాడు. తెగలేదు. ఎందుకంటే, ఆ భయంతోనే కావచ్చు, వానలకు ముందే మా నాయనతో పాటు ఇంటికొకరు పోయి దానికి మట్టి పోశారు. మేక రెండు పిల్లల్ని ఈనింది.

ఈమధ్య జనగామ బస్టాండులో ఒక యువకుడు ఫోను నా ముఖం ముందు పెట్టి, "మన అసలు చరిత్ర తాతా, సూడు" అన్నాడు. అందులో ఎవరిని ఊరి నుంచి వెళ్ళగొట్టాలో కూడా రాసి ఉంది. ఎవరు చెప్పారని అడిగాను. గ్రూపులో వచ్చిందన్నాడు. గ్రూపుకు ఎవరు పంపారని అడిగితే ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. పోనీ. ఇలా అడిగి అడిగి చుట్టాలను పోగొట్టుకున్నాను, పెళ్ళి పిలుపులు పోగొట్టుకున్నాను, బాధ లేదు. అడగడానికి వణికే జాతి ఎంత గొప్ప గతం చాటుకున్నా, అది ఎవడి వీపు వెనుకో నిలబడి ఉన్నట్టే.

వరుసకు మొదట ఎవడున్నాడో, వాడి పళ్ళెంలో ఏముందో చూడనిదే నేను ఏ కథకూ మేకనివ్వను.