కాలువ చివరి దేశం

మా అమ్మ పోయిన ఏడాది నాకు ముప్పై నాలుగేళ్ళు. విజయవాడలో ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. ఇంజనీర్లు కాగితం మీద పెన్సిల్‌తో గీసిన కాలువల పటాలను ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో దించడం నా పని. పటమటలో రెండు గదుల వాటాలో అమ్మా నేనూ పన్నెండేళ్ళు కాపురం ఉన్నాం. అమ్మ పోయాక అందులోనే ఒక్కదాన్నే ఉండిపోయాను. సాయంత్రం వచ్చి తాళం తీస్తుంటే లోపల ఏ చప్పుడూ వినిపించకపోవడం నాకు చాలాకాలం అలవాటు కాలేదు. చెప్పులు విడవకుండానే వెళ్ళి రేడియో పెట్టేదాన్ని. అందులో ఏం చెబుతున్నారో మాత్రం ఎప్పుడూ వినలేదు.

మా అన్నయ్య చల్లపల్లిలో స్కూలు మాస్టారు. ఆ వేసవి సెలవుల్లో కూతుర్ని తీసుకొచ్చి వారం రోజులు నా దగ్గర ఉంచాడు. "నీకు తోడుగా ఉంటదిలే" అన్నాడు వెళ్ళేటప్పుడు. పిల్లకు ఆరేళ్ళు. మొదటి రోజంతా వాళ్ళమ్మ కోసం ఏడ్చింది. మర్నాడు సాయంత్రం బందరు కాలువ గట్టుకు తీసుకెళ్ళాను. ఎండుగడ్డి వేసుకుని ఒక పడవ పోతోంది. ఏడుపు ఆపి దానికేసి చూసింది.

"ఈ కాలవ ఎక్కడికెళ్తుందత్తా?"

ఆ కాలువ పటం ఆఫీసులో నా చేత్తోనే దించాను. ఎక్కడ ఏ పిల్లకాలువ విడిపోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా ఆ మాట చెప్పాలనిపించలేదు.

"చివరికి ఒక దేశంలోకి వెళ్తుంది. అక్కడ చేపలు పడవలు నడుపుతాయి."

"మరి మనుషులో?"

"మనుషులు పక్కన ఈదుకుంటూ వెళ్తారు."

పిల్ల పడీపడీ నవ్వింది. అమ్మ పోయాక నా ముందు ఒకరు అలా నవ్వడం అదే మొదటిసారి. ఆ వారంలో ఆ దేశం చాలా పెరిగింది. రాజుగారి కిరీటం బరువెక్కువని రెండు కొంగలు దాన్ని ముక్కులతో ఎత్తి పట్టుకునేవి. కాలువ నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసే రాక్షసుడు నేను చెప్పాను. వాడికి చీకటంటే భయమని పిల్ల చేర్చింది. ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుంటే నా చెవిలో, "రాక్షసుడు కూడా బడికెళ్తాడా?" అని అడిగి నన్ను నవ్వించింది. సోమవారం అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు.

పిల్ల వెళ్ళిపోయినా నేను ఆ దేశం వదల్లేదు. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. అన్నం వార్చుకుంటూ, బస్సులో నిలబడి, ఆఫీసులో గీత మీద గీత గీస్తూ ఆ దేశంలోనే తిరిగేదాన్ని. కొంగలకు జీతాలిచ్చే గుమాస్తా పుట్టాడు. ఉతికిన బట్టల మీదే వాన కురిసే వీధి ఒకటి వెలిసింది. వర్షాకాలం అంతా అలా గడిచింది. చల్లపల్లికి ఉత్తరం రాసినప్పుడల్లా 'మిగతా సంగతులు వచ్చినప్పుడు చెబుతాను' అని పిల్లకు ఒక వాక్యం రాసేదాన్ని.

పిల్ల పుట్టినరోజు నవంబరులో. ఏం పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తుంటే ఆ దేశానికి పటం గీసి ఇవ్వాలనిపించింది. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారిని ట్రేసింగ్ గుడ్డ ముక్క కావాలని అడిగాను. ఆయన రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. నీటి చుక్క పడి పాడైపోయిన పెద్ద షీటు ఒకటి బీరువాలోంచి తీసి, మచ్చ ఉన్న వైపు కత్తిరించేసి, మిగతాది చేతికిచ్చారు.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే బల్ల మీద గుడ్డ పరిచి, జిడ్డు పోయేలా సుద్దపొడితో రుద్ది, ఇంకు పెన్ను పట్టుకునేదాన్ని. పన్నెండేళ్ళుగా ఇతరులు గీసిన గీతల మీదే గీశాను. కింద పెన్సిల్ గీత లేకపోయేసరికి మొదటి రోజు ఒక్క గీతకే గంట పట్టింది. కాలువ ఎటు తిరగాలో చెప్పేవాళ్ళు లేరు. నాకు ఇష్టమైనట్టు తిప్పాను. గుడ్డ వెనకవైపు రంగు పెన్సిళ్ళతో నీళ్ళకు నీలం, చేలకు ఆకుపచ్చ వేశాను. ఖాళీ ఉన్న చోటల్లా ఇళ్ళూ మనుషులూ పెట్టాను. రేడియో పెట్టడం కూడా మర్చిపోయేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం ఆఫీసులో, పేర్లు రాయడానికి పటం బల్ల మీద పరిచాను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు వెనక వచ్చి నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఏ ఊరి కాలవ అమ్మాయ్?"

"ఏ ఊరిదీ కాదండీ. మా మేనకోడలి పుట్టినరోజుకి. ఊరికే కల్పించాను."

"కల్పిస్తే మాత్రం? ఇక్కడ కాలవ గుట్ట ఎక్కింది. నీళ్ళు పైకెట్టా ఎక్కుతయ్యి? మధ్యలో లాకు పెట్టు. తలుపులేసి నీళ్ళు నింపితేగాని పడవలు పైకి దాటవుగా."

"పడవలు నడిపేది చేపలండీ."

"చేపలైతే ఏం? వాటికీ లాకు కావాలి" అని, నవ్వకుండానే తన సీటుకు వెళ్ళిపోయారు. నేను లాకు పెట్టాను. ఆ పటాన్ని ఆయనంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఎక్కువమంది ఉండరని నాకప్పుడు తోచలేదు. అందరూ అలాగే చూస్తారనుకున్నాను.

పుట్టినరోజు నాడు పటాన్ని చుట్టి, రేకు గొట్టంలో పెట్టుకుని పటమటలో బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు దాటి చల్లపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిపొడవునా చెప్పాల్సిన కథలు వరసగా పెట్టుకున్నాను. ఏది ముందు చెప్పాలి, ఏది దాచుకుని చివర చెప్పాలి అని కూడా అనుకున్నాను.

సాయంత్రం పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. వదిన ఇసుక పోసిన గిన్నెలో కాల్చిన కేకు పిల్ల చేత కోయించింది. తర్వాత పటం విప్పి చాప మీద పరిచాను. పిల్ల చంకలో అప్పటికే ఒక బొమ్మ ఉంది. వాళ్ళ మేనమామ మద్రాసు నుంచి పంపినది, పడుకోబెడితే కళ్ళు మూస్తుంది. పిల్ల బొమ్మను దించకుండానే వంగి చూసింది.

"ఇదేంటత్తా?"

"మన దేశం."

"ఇండియా ఇట్టా ఉండదుగా. నాన్న బళ్ళో పటం ఉంది."

"అది కాదమ్మా. చేపలు పడవలు నడుపుతాయే, ఆ దేశం. కాలవ గట్టు మీద చెప్పుకున్నాం."

పిల్ల నా మొహంలోకి చూసింది. నన్ను బాధపెట్టకూడదని ఆ వయసుకే దానికి తెలిసినట్టుంది. "ఆఁ, చేపలు" అంది. గుర్తు లేదని నాకర్థమైంది. పక్కింటి పిల్లలు పిలిస్తే బొమ్మనెత్తుకుని వాకిట్లోకి పరిగెత్తింది. "చాలా బాగా వేశావే. గోడకి తగిలిద్దాం" అన్నాడు అన్నయ్య, పాస్టర్ గారికి కుర్చీ జరుపుతూ.

పిల్ల తప్పేమీ లేదు. ఆరు నెలలంటే ఆ వయసులో చాలా కాలం. ఇన్నాళ్ళూ ఆ దేశంలో దానితో కలిసి తిరుగుతున్నాననుకున్నాను. ఒక్కదాన్నే తిరిగానని ఆ చాప మీద కూర్చున్నప్పుడు తెలిసింది. పటం చుట్టేద్దామని చెయ్యి వేశాను.

"ఉండమ్మాయ్, తియ్యమాక" అంది గుంజకు ఆనుకుని కూర్చున్న వదిన వాళ్ళమ్మ. ఆమె కూతురి దగ్గరే ఉండేది. చదువు రాదు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. అంతకు ముందు మేమిద్దరం వందనాలు చెప్పుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. చాప మీదికి జరిగి పటం అంచు మీద వేలు పెట్టింది.

"ఇక్కణ్ణించి ఎక్కాలా పడవ?"

"అవునండీ అత్తయ్యగారూ."

"దిగినాక అన్నం ఎక్కడ దొరుకుద్ది?"

దారిలో అనుకున్న కథల్లో అది లేదు. కొంగల గుమాస్తా ఇంట్లో దొరుకుతుందని అప్పటికప్పుడు చెప్పాను. వాడి భార్య మంచిదేనా అంది. కాలువ వెంబడే వేలు నడుపుతూ ఒక్కో ఇంటి దగ్గరా ఆగింది. రాక్షసుడు నీళ్ళన్నీ తాగేస్తే నారుమళ్ళకెట్టా అని కోప్పడింది. చివరికి తూర్పు మూల చిన్న ఇంటి దగ్గర వేలు ఆగింది. అక్కడ గడపలో ఒక ఆడమనిషి చేటలో బియ్యం పెట్టుకుని కూర్చుని ఉంది. ఖాళీ నింపడానికి వేసిన బొమ్మ అది.

"ఈమె మీ అమ్మ కదూ" అంది.

"కాదండీ, ఊరికే ఎవరో..."

"మీ అమ్మే. ఒక మోకాలు ఎత్తి, ఇంకోటి మడిచి కూచునేది. మా అమ్మాయి పెళ్ళిలో చూశాగా."

నేను వంగి చూశాను. అమ్మే. చేట కాస్త వంచి పట్టుకోవడం కూడా అమ్మదే. నా చేత్తో గీసి, నేనే చూసుకోలేదు. పక్కగదిలో పాస్టర్ గారు టీ తాగుతూ ఏదో అంటుంటే అందరూ నవ్వుతున్నారు. నేను తల ఎత్తలేదు. ఆమె దగ్గరికి జరిగి నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. ఆ వారం అన్నం వార్చుకునేటప్పుడు ఆ దేశం వైపు మనసు పోలేదు. వాటా మరీ ఖాళీగా అనిపించింది. అమ్మ పోయిన కొత్తలో కూడా అంత అనిపించలేదు.

రెండు వారాలకు చల్లపల్లి నుంచి కార్డు వచ్చింది. పిల్ల రాత, అక్షరాలు ఒక్కోటి ఒక్కో సైజు. 'అత్తకు వందనాలు. అమ్మమ్మ అడగమంది. ఆ దేశంలో ఒంటరి ఆడవాళ్ళు ఎక్కడుంటారు?'

కార్డు పట్టుకుని గడపలో కూర్చున్నాను. చేపలకూ కొంగలకూ రాక్షసుడికీ ఇళ్ళు వేశాను. ఒంటరి ఆడవాళ్ళకని ఒక్క ఇల్లూ వేయలేదు. జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. 'అక్కడ సర్వే ఇంకా పూర్తి కాలేదు' అని రాశాను.

డిసెంబరులో ఒక ఆదివారం, ఏ సందర్భమూ లేకుండా, ఇంకు సీసా పెన్నూ సంచిలో పెట్టుకుని చల్లపల్లి వెళ్ళాను. అన్నయ్య పటాన్ని గోడ మీంచి దించాడు. ఇల్లు ఎక్కడ వేయాలని పెద్దామెను అడిగాను.

"బడి పక్కన వెయ్యి. పొద్దస్తమానం పిల్లల గోల ఉంటది."

"ఇందులో బడి లేదండీ."

"అయితే అదీ వెయ్యి."

గోడలు గీసి, పైన గంట వేస్తున్నాను. వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల వచ్చి నా భుజం మీంచి తొంగి చూసింది.

"అక్కడ కూడా బడి ఎందుకత్తా!" అని ఏడుపు మొహం పెట్టింది. బతిమాలితే చివరికి, వారానికి ఒక్కరోజే తెరవాలన్న షరతు మీద ఒప్పుకుంది. ఆ రోజేదో తనే చెబుతానంది. బడి పక్కన రెండు గదుల ఇల్లు వేశాను. ముందు వసారా కావాలంది పెద్దామె. అదీ వేశాను.

ఇంకు ఆరేదాకా ముగ్గురం పటం చుట్టూ కూర్చున్నాం. ఆ తర్వాత నేను నాలుగు గంటల బస్సుకు బయలుదేరాను. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంది. ఉయ్యూరు దాకా ఎవరూ ఎక్కలేదు.