అడగకూడని పదకొండు రోజులు

మొన్న మా చిన్నమ్మాయి చదివే వైద్య కళాశాలలో తల్లిదండ్రుల సమావేశానికి వెళితే, ఓర్పు ఉన్న విద్యార్థులను దిగులు జబ్బు అంత సులభంగా పట్టుకోదని వేదిక మీది పెద్దాయన చక్కగా వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు గానీ నా చేతులు లేవలేదు; ఓర్పు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తొంభైల చివర్లో నేను తమిళనాడులో, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో పని చేస్తూ అక్కడే ఉండేదాన్ని. అమ్మానాన్నల ఇల్లు విరుదునగర్‌లో, మిరపకాయల గోదాము పక్కన. మా తెలుగు ఇళ్లలో డాక్టరు చదువుకు పోయిన మొదటివాడు మా తమ్ముడు, కాబట్టి వాడు తుమ్మినా మాకు గొప్పే. ఎండలు మొదలయ్యే పంగుని నెలలో మారియమ్మ జాతరకు, మేము పొంగలి అంటాం, మొక్కుకున్నవాళ్లు గుడిలో చేతికి పసుపు దారం, అంటే కాప్పు, కట్టించుకుని ఒంటిపూట తిని నేల మీద పడుకుంటారు. కాప్పు ఉన్నవాళ్లను ఏమిటి, ఎందుకు అని అడగకూడదని మా ఇంటి కట్టడి.

ఆ ఏడు సెలవు పెట్టి నేను వెళ్లేసరికి తమ్ముడు అప్పటికే హాస్టలు నుంచి వచ్చి, చేతికి దారంతో, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు గానీ ఆ చూపు నా దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం గోదాములో మిరపకాయల బస్తాలు కుమ్మరిస్తే వీధి వీధంతా దగ్గింది, మేము కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తాం. వాడు మాత్రం కదలలేదు, దగ్గలేదు, రెప్ప వేయలేదు, కన్నీళ్లు తమంతట తామే చెంపల మీదికి కారుతున్నాయి.

"కాప్పు కట్టిండాడు, వాణ్ణి ఏమీ అడగవద్దు పాపా. ఎంత పొరుమ చూడు వాడికి!" అని అమ్మ మురిసిపోయింది, ఓర్పును మేము పొరుమ అంటాం. అమ్మలక్కలు వాణ్ణి చూపించి తమ పిల్లలకు బుద్ధి చెప్పారు. నాకు మాత్రం ఇంట్లో ఒక మనిషి తక్కువైనట్టు అనిపించేది, లెక్క చూస్తే అందరమూ ఉండేవాళ్లం.

పొంగలి ముగిసి అందరూ కాప్పులు విప్పేశారు, వాడు విప్పలేదు. మరునాడు, అంటే నేను వచ్చిన పదకొండో రోజు, అన్నం పెడుతూ వాడి చెయ్యి పట్టుకున్నాను. మిట్ట మధ్యాహ్నం చల్లగా తగిలింది. దారానికి పసుపు వాసన లేదు, ఆస్పత్రి వాసన వేసింది. అది కట్టుగుడ్డలోంచి లాగి, పుండ్లకు పూసే పసుపు రంగు మందులో ముంచిన పోగు. ముడి కూడా, వాడే ఒక సెలవుల్లో నాకు వేసి చూపించిన, గాయాలకు కుట్లు వేసేవాళ్లు ఒంటిచేత్తో వేసే ముడి. గుడిలో వాడికి ఎవరూ కాప్పు కట్టలేదు.

నాకు భయం వేసింది. కట్టడి తప్పి, ఏమయిందిరా అని అడిగేశాను.

"పొరుమ ఏమీ లేదక్కా. ఎవురూ అడగకూడదనే కట్టుకొంటి. కట్టుకొనినాక, ఎవురన్నా అడుగుతారేమోనని చూస్తా వుంటి" అన్నాడు. తెల్లవారితే తాను ఉండకూడదని తీర్మానించుకున్నానని కూడా, మంచినీళ్లు అడిగినంత మామూలుగా చెప్పాడు.

ఆ పూటే మదురైలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఒక ఏడాది చదువు పోయింది, తమ్ముడు దక్కాడు, తర్వాత డాక్టరూ అయ్యాడు. కొడుకు ఓర్పుకు మెచ్చి అమ్మవారే కాపాడిందని అమ్మ చివరిదాకా చెప్పుకుంది, మేము కాదనలేదు.

ఇప్పటి పిల్లలు మనసు బాగాలేదని, కామెర్లు వచ్చాయన్నంత తేలిగ్గా చెప్పుకుంటున్నారు, వింటే సంతోషమే. నేను మాత్రం ఆ పది రోజులూ వాడి ముందు పళ్లెం పెట్టి, మాట్లాడకుండా వచ్చేసేదాన్ని. గడప దాటేటప్పుడు వెనక వాడు ఊపిరి బిగబట్టినట్టు వినిపించేది, నేను ఆగేదాన్ని కాదు.