కాలు తగిలినందుకు

ఈ మలాయి దేశంలో పొద్దున ఆరున్నరకి పోర్ట్ క్లాంగ్ వెళ్ళే రోడ్డు మీద సైకిలు తొక్కే యాభై నాలుగేళ్ళ ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇంకొకరు ఉంటే నాకు కనబడలేదు. ఓడరేవు దగ్గర ఒక గోదాములో గుమాస్తాను. వచ్చిన పెట్టెల మీద చీటీలూ చేతిలో కాగితాలూ సరిపోయాయో లేదో చూడటం నా పని. ఇంటి నుంచి ఏడు కిలోమీటర్లు. కారు నడపడం రాక కాదు, లైసెన్సు ఉంది. ఇంట్లో పొయ్యికీ గోదాములో బల్లకీ మధ్య నాదంటూ దొరికేది ఆ అరగంట ఒక్కటే, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

అలాగని అది సుఖంగా గడిచే అరగంటా కాదు. ఎడమ పక్కన మూతలు లేని మురుగుకాలువ, దాన్ని ఆనుకుని నిలిపేసిన కార్లు, కుడి పక్కన కంటైనరు లారీలు. మధ్యలో మిగిలిన జానెడు నాది. నిజం చెప్పాలంటే లారీవాళ్ళు నయం. ఎత్తు మీంచి నన్ను చూస్తారు, దూరం నుంచే చిన్నగా హారను కొడతారు. చిన్న కార్లవాళ్ళతోనే చావు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టీ పోసిన ప్లాస్టిక్ కవరు, స్టీరింగు దేవుడి చేతిలో. ఇండికేటరు వేస్తే పరువు తక్కువ. కొందరు అద్దం దించి మరీ సలహా ఇస్తారు, ఈ వయసులో మీకెందుకు ఆంటీ, ఇంట్లో కూర్చోవచ్చు కదా, అని. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని మా అమ్మ ఊరికే అనలేదు. అందుకే నేను మెత్తగా ఉండను. మలాయిలో తిడతాను, తమిళంలో తిడతాను, మరీ ఒళ్ళు మండితే తెలుగులో తిడతాను. తెలుగైతే ఎవరికీ అర్థం కాదు కాబట్టి కడుపారా తిట్టుకోవచ్చు.

ఆ రోజు తిట్టడానికి కూడా వ్యవధి దొరకలేదు. రొట్టెల కొట్టు ముందు ఒక వెండిరంగు కారు అప్పుడే వచ్చి ఆగింది. దాన్ని దాటబోతుంటే డ్రైవరు వైపు తలుపు ఒక్కసారిగా నా ముందు తెరుచుకుంది. బ్రేకు నొక్కానో లేదో గుర్తు లేదు. తలుపు అంచుకి కొట్టుకుని సైకిలొక పక్క, నేనొక పక్క పడ్డాం. ఎడమ మణికట్టులో ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినబడింది. కారులోంచి సగం దిగిన మనిషి మోకాలికి నా చెప్పుకాలు గట్టిగా తగిలింది.

అప్పుడు నేనేం చేశానంటే, విరగని చేత్తో అతని మోకాలిని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాను. అయ్యో, కాలు తగిలిందే అని తెలుగులో అన్నాను కూడా.

మనవాళ్ళకి ఇది తుమ్ము లాంటిది, అడిగి రాదు. పుస్తకానికి తగిలినా, చేటలో బియ్యానికి తగిలినా, పక్కన పడుకున్న చెల్లెలికి తగిలినా అంతే. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోట ఇళ్ళల్లో మా అమ్మ నాకు నడకతో పాటు నేర్పిన పని అది. నన్ను పడగొట్టినవాడికి కూడా చేస్తానని మాత్రం అనుకోలేదు.

పర్లేదు పెద్దమ్మా అని అతను కూడా తెలుగులోనే అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా. ఆ మాట అనేసి, నన్ను లేపడానికంటే ముందు తలుపు వంగిందేమోనని చూసుకున్నాడు. లేపిందీ ఆసుపత్రికి పంపిందీ రొట్టెల కొట్టువాళ్ళు.

సాయంత్రానికి మా ఇల్లు కనుక్కుని వచ్చాడు, నారింజపళ్ళూ బిస్కెట్ల డబ్బా పట్టుకుని. మా ఆయన ఎదురెళ్ళి కూర్చోబెట్టాడు. మాటల్లో వాళ్ళ తాతా మా తాతా విశాఖపట్నం పక్కనుంచే ఓడెక్కారని తేలింది, ఇంక మా ఆయన సంతోషం చూడాలి. కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది. ప్రమాదం జరిగిన మర్నాటి లోపు పోలీసుల దగ్గర రిపోర్టు రాయించాలి కదా, నేను రాయించకుండా ఉంటే బాగుంటుందట. మనలో మనకెందుకు అన్నాడు. ఎందుకేమిటి, నా చెయ్యి విరిగింది అన్నాను. అప్పుడు నవ్వుమొహం తీసేశాడు.

"సూసినోల్లందరూ సెప్తారు పెద్దమ్మా. తప్పు నీదేనని నువ్వే నా కాలు ముట్టుకుని మొక్కినావు."

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంకెవరైనా ఆ మాట అంటే తెలియక అన్నారనుకుందును. ఇతను తెలుగింటివాడు. నా చెయ్యి ఎందుకు కళ్ళ దాకా వెళ్ళిందో నాకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు. తెలిసే, దాన్ని నా మీద సాక్ష్యంగా పెట్టుకున్నాడు.

అతను వెళ్ళాక మా ఆయన పళ్ళ సంచీ వైపు చూస్తూ అన్నాడు. "ఆడు మనోడేనే. ఇడిసిపెట్టు. ఆ సైకిలు కూడా ఇడిసిపెట్టు."

మా ఆయన పిరికివాడు కాడు. వాళ్ళన్న సుంగై సిపుట్‌లో మోటారుసైకిలు మీద వెళ్తూ లారీ కింద పోయాడు. ఆసుపత్రిలో గుడ్డ తీసి చూపిస్తే, ఇతను మా అన్నే అని చెప్పాల్సి వచ్చింది ఈయనకే. అప్పటికి ఈయనకి ఇరవై రెండేళ్ళు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు రోడ్డెక్కినా తిరిగొచ్చేదాకా ఈయన అన్నం సహించదు. నాకది తెలుసు, దానికి జాలిపడతాను కూడా. కానీ ఆయన భయానికి మందుగా నన్ను ఇంట్లో కట్టేస్తానంటే ఒప్పుకోను. తలుపు తీసినవాడు హాయిగా రేపు కారెక్కుతాడు, పడినదాన్ని నేను సైకిలు మానెయ్యాలా? ఇదెక్కడి న్యాయం? టాక్సీ పిలుచుకుని, కట్టుతో ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళి రాయించి వచ్చాను.

అతనూ రాయించాడు. ఆగి ఉన్న కారుని నేనే వచ్చి గుద్దాననీ, తర్వాత అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాననీ. వారం తర్వాత ఇద్దర్నీ స్టేషనుకి పిలిచారు.

ఈలోగా రాత్రులు పడుకుని నేనే ఆలోచించుకునేదాన్ని. పక్కనుంచి చూసినవాళ్ళకి అది క్షమాపణ లాగే కనబడి ఉంటుంది కదా అని. చివరికి నా చెయ్యే నన్ను పట్టిచ్చిందా అని. ఒకసారైతే తప్పు నాదేనేమో అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

విచారించింది ఒక మలాయి ఆవిడ, ట్రాఫిక్ పోలీసులో సార్జెంటు. మర్యాదస్తురాలు. కొట్టు దగ్గర చూసినవాళ్ళు ఇద్దరు, మీరు ఆయన్ని తాకి దణ్ణం పెట్టారని చెప్పారు ఆంటీ, తప్పు మీది కాకపోతే ఎందుకు పెట్టారు అని అడిగింది. మా ఆచారం అని చెప్పాను. ఆవిడ తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. నమ్మమని ఎలా అడగను? కేసులో ఇరుక్కున్న ప్రతివాడూ ఏదో ఒక ఆచారం చెప్పే ఉంటాడు.

అందుకని కుర్చీ అతని వైపు తిప్పుకున్నాను.

"నువ్వు తెలుగోడివి. కాలు తగిల్తే మీయమ్మ నీకేటి సెయ్యమన్నాది? మీ ఇంట్లో అది తప్పు ఒప్పుకోడమా? సెప్పు."

అతను బల్ల వైపు చూశాడు. ఏమడిగారు అంది సార్జెంటు. నేను చెప్పను, ఆయన్నే మలాయిలో చెప్పమనండి అన్నాను. మార్చి చెప్పడానికి లేదు, మలాయి నాకూ వచ్చు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరికి ఒక్కో మాటే చెప్పాడు, మా వాళ్ళలో కాలు తగిలితే అలా చేస్తారు, పిల్లలకి కూడా చేస్తారు, అది ప్రమాదానికి క్షమాపణ కాదు అని. తలుపు తీసేముందు అద్దంలో చూశారా అని ఆవిడ అడిగింది. చూడలేదు అన్నాడు.

జరిమానా అతనికే పడింది. బయట మెట్ల దగ్గర నాతో ఏదో అనబోయాడు, నేను ఆగలేదు. రేపు మళ్ళీ ఎవరికి కాలు తగిలినా తాకి కళ్ళకద్దుకుంటాను, అతనికి తగిలినా సరే. అది మా అమ్మ నాకిచ్చింది. దాన్ని తాకట్టు పెట్టుకోవాలని చూసినవాడు సిగ్గుపడాలి, నేను కాదు.

ఆరు వారాలకి కట్టు విప్పారు. ఈలోగా మా ఆయన సైకిలుని ఇంటి వెనక గ్రిల్లుకి గొలుసు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను చెవి అడగలేదు. సైకిళ్ళు బాగుచేసే చీనా ఆయన్ని ఇంటికే పిలిపించి గొలుసు కోయించాను. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం పొద్దున బయలుదేరాను. మణికట్టు ఇంకా బిగుసుకునే ఉంది, బ్రేకు పట్టుకుంటే నొప్పి. ఒక కిలోమీటరు వెళ్ళేసరికి నా వెనక రోడ్డంతా హారన్లు. తిరిగి చూస్తే మా కారు. నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమంటూ, నా వేగానికి సరిగ్గా నా వెనకాలే మా ఆయన వస్తున్నాడు. ఆయన వెనక వరసగా లోకమంతా ఆగి తిడుతోంది. పక్కకి తీసి ఆగాను. ఆయనా ఆపాడు. బాగా నాలుగు తిడదామని కారు అద్దం దగ్గరికి వెళ్ళాను. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు, నా వైపు తిరగలేదు.

"అన్నని గుర్తుపట్టినాను. నిన్ను కూడా నన్నే గుర్తుపట్టమంతావా?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఆయన చెయ్యి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నాక్కూడా భయమే మావా అన్నాను. నిజమే, భయమే. ఆ పొద్దున పక్కన ఆగిన ప్రతి కారు తలుపు దగ్గరా నా గుండె ఆగింది. కానీ నేను ఇవాళ ఇంటికి తిరిగితే రేపు ఇంక బయటికి రాను. అది ఆయనకీ తెలుసు.

"ఇంటికెల్లి అన్నం తిను మావా," అన్నాను. "నాను తిరిగొత్తాను."

లైట్లు ఆర్పేదాకా అక్కడే నిలబడ్డాను. కారు తిప్పుకుని వెళ్ళాక సైకిలెక్కి, కాలువ అంచు వదిలేసి, లేన్ నడిమధ్యకి వచ్చి తొక్కడం మొదలుపెట్టాను. వెనకాల ఎవరో పెద్దగా హారను కొట్టారు. నేను పక్కకి తప్పుకోలేదు.