మా అత్త నిలబడ్డ చోట భూతం

ఆ రోజుల్లో నాకు వచ్చిన రాత ఒక్కటే, బొటనవేలి ముద్ర. అందుకే ఈ ముచ్చట ఇన్నేళ్ళూ నోటితోనే చెప్పుకుంటూ వచ్చాను. పత్తి చేన్లో చెప్పాను, బస్సులో పక్క సీటామెకు చెప్పాను, దవాఖానాలో లైన్లో నిలబడి చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టినా సగానికి రాకముందే వినే ఆమె "మా అత్త సంగతి చెప్తే ఇంకేమంటవ్" అని తన కథ ఎత్తుకునేది, నా కథ అక్కడే ఆగిపోయేది. తర్వాత మా ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండే పని దొరికింది. వంటగదికీ ఒకటో తరగతికీ మధ్య ఒక కిటికీ ఉంది. అన్నం ఉడికేదాకా ఆ కిటికీ దగ్గర కూర్చొని, పిల్లలతో పాటు నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. (గుణింతాలు నేర్చుకున్న కాలంలో అన్నం తరచూ అడుగంటేది. పిల్లలు పాపం ఏమీ అనకుండా తినేవాళ్ళు.) ఇప్పుడు రాయడం వచ్చింది కాబట్టి, మధ్యలో ఎవరి అత్తా అడ్డం రాకుండా మొత్తం చెప్పేస్తాను.

నేను పుట్టింది తిరుమలాయపాలెం వైపు. ఇచ్చింది బూర్గంపాడు దాటి అడవి అంచున ఉన్న ఊరికి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అడవిని చూసి భయపడతానేమో అని మా అమ్మ అనుకుంది కానీ, అడవి నన్నేమీ అనలేదు. నా భయమంతా మా అత్త. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కూడా కాదు. కోపం వస్తే ఎడమ చేత్తో కొంగు లాగి నడుముకు చెక్కుకునేది, ఆ చెయ్యి నడుం మీదే ఉంచేది, తల ఒక పక్కకు వాల్చి చూసేది. అంతే. నా చేతిలో చెంబు ఉంటే చెంబు, గంటె ఉంటే గంటె కింద పడేది. మా ఆయన ఆ చూపు చూడగానే చెప్పులు వెతుక్కొని బయటికి నడిచేవాడు. నేను పుట్టింటికి పోవాలంటే మా అత్త నోట్లోంచి "పో" అనే మాట రావాలి. ఆ మాట కోసం నేను పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాయంత్రం మళ్ళీ ఊడ్చేదాన్ని.

అంతటి మనిషికీ ఒక బలహీనత ఉండేది, సినిమా. గాల్లో ఎగిరే వీరుడి సినిమా మొదటి భాగం మా ఊరంతా చూసింది. అందులో వీరుడు మనుషులున్న బస్సును ఒంటిచేత్తో ఎత్తి పట్టుకొని మబ్బుల్లోకి పోతాడు. రెండో భాగం వస్తుందని తెలిసినప్పటి నుంచీ మా ఊరి పోరగాళ్ళకు అదే పంచాయితీ. "పోయినసారి బస్సు ఎత్తిండు, ఈసారి రైలన్న ఎత్తకుంటే మనమెందుకు పోవాలె?" అని ఒకడంటే, "రైలు కాదురా, గోదారి బ్రిడ్జినే పెకిలిస్తడంట, అంత కంప్యూటర్ల చేస్తున్రు" అని ఇంకొకడు. మా అత్త మాత్రం గట్టు మీద కూర్చొని తన మాట తాను అనేది. "ఎత్తుడు కాదు బిడ్డా, ఎత్తిన బస్సును వాడు మళ్ళ కింద పెట్టనే లేదు. అండ్ల కూసున్న జనం ఇండ్లకు చేరిన్రా లేదా, నాకది చూపియ్యాలె." ఆ ఒక్క సంగతి కోసమే ఆమె రెండో భాగానికి ఎదురుచూసింది.

అలాంటిది ఒకరోజు ఆ రెండో భాగమే మా ఊరికి నడిచొచ్చింది. మమ్మల్ని మిరపకాయ ఏరడానికి తీసుకుపోయే మేస్త్రమ్మ పొద్దున్నే వచ్చి, "ఇయ్యాల మిరపకాయ లేదు, సినిమా ఉన్నది. కూలి అంతే, బిర్యానీ వేరే" అన్నది. సినిమా మాట వినగానే మా అత్త కూడా మా వెంట వచ్చింది. గోదావరి ఒడ్డున మొక్కజొన్న చేను పక్కన మమ్మల్ని దింపారు. అక్కడ తాడిచెట్టంత ఎత్తున పచ్చబట్ట కట్టి ఉంది. మేస్త్రమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "గింత పెద్ద నారుమడి ఎవ్వలదే?" అని అడిగింది. (మా దగ్గర మిరప నారుకు ఎండ తగలకుండా పచ్చ పరదా కడతారు. ఇంత పరదా కట్టినవాడు ఎన్నెకరాల ఆసామి అయి ఉంటాడో అని మేమందరం మర్యాదగా నిలబడ్డాం.) నెత్తిన టోపీ పెట్టుకున్న ఒక సారు వచ్చి అది నారుమడి కాదనీ, ఆ బట్ట మీదికి తర్వాత కంప్యూటర్లో భూతం వస్తుందనీ చెప్పాడు. "భూతం ఇప్పుడు లేదమ్మా. దాని బదులు ఈ బంతి" అని పొడుగాటి కర్ర చివర గుచ్చిన బంతిని చూపించాడు. "ఇది గోదావరిలోంచి లేచి చేనులోకి వస్తుంది. మీరు దీన్ని చూసి కేకలు పెట్టాలి, పరిగెత్తాలి. అంతే."

మాకూ అంతే అర్థమైంది. టోపీ సారు చెయ్యి ఊపగానే బంతి చేనులోకి వచ్చింది. మేము కేకలు పెట్టాం, పరిగెత్తాం. దాని మీదికి. చేనులోకి అడవిపంది వస్తే మా దగ్గర చేసే పని అదే. "హోయ్! హోయ్! ఉరుకున్రి! కొట్టున్రి!" అని మేస్త్రమ్మ ముందు, మేము వెనక. ఎవరికి దొరికిన డబ్బా వాళ్ళు మోగించాం, గింజలు వలిచిన మక్కబెండు ఎవరికి దొరికింది వాళ్ళు విసిరాం. కర్ర పట్టుకున్నతను ఒక్క క్షణం చూశాడు, తర్వాత కర్రతో సహా గోదావరి వైపు పరిగెత్తాడు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగాక కానీ ఆగలేదు.

"కట్! కట్! అటు కాదమ్మా, ఇటు పరిగెత్తాలి!" అని టోపీ సారు మొత్తుకున్నాడు. "అది మిమ్మల్ని తినడానికి వస్తోంది!"

"రానీ సారూ, మేము ఇటు ఉరికితే చేను ఏంగావాలె?" అన్నది మేస్త్రమ్మ.

"ఇది సినిమా అమ్మా, చేను గురించి ఆలోచించకండి!"

"మరి గిదేంది?" అని ఆమె మక్కచేను వైపు చెయ్యి చూపింది. ఆ సారు చేను వైపు చూశాడు, మా వైపు చూశాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత మమ్మల్ని వెనక్కి పరిగెత్తించడానికి వాళ్ళకు బిర్యానీ వేళ దాటింది. పరిగెత్తుతూ కూడా మేస్త్రమ్మ వెనక్కి తిరిగి ఒక బెండు విసురుతూనే ఉంది.

భోజనాల తర్వాత నా కర్మ మొదలైంది. భూతాన్ని చూసి భయపడే ఒక మొహం తెర నిండా కావాలట. టోపీ సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి చూసి, నన్ను పట్టుకున్నాడు. కళ్ళు పెద్దవి అన్నాడు. నేను బంతిని చూశాను. బంతిలాగే ఉంది. "భయపడమ్మా" అన్నాడు. పళ్ళు బిగించాను. "కడుపునొప్పిలా ఉంది" అన్నాడు కెమెరా ఆయన. నోరు తెరిచాను. "ఆవులింతలా ఉంది." చివరికి టోపీ సారు అలిసిపోయి, "పోనీ, నీకు ఈ లోకంలో అన్నిటికంటే భయం దేన్ని చూస్తే?" అని అడిగాడు. నేను ఏమీ అనలేదు. ఒట్టు, ఒక్క మాట అనలేదు. నా కళ్ళే వాటంతటవి, దూరంగా మక్కచేను గట్టు మీద కూర్చొని షూటింగు చూస్తున్న మా అత్త వైపు తిరిగాయి. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రమ్మ టోపీ సారు చెవిలో ఏదో చెప్పింది. ఆయన పోయి, "పెద్దమ్మా, మీరు నిటారుగా బాగా నిలబడతారట. ఈ కర్ర కాసేపు పట్టుకుంటారా?" అని అడిగాడు.

మా అత్త పొంగిపోయింది. పచ్చబట్ట ముందు పెద్ద బల్ల వేసి ఆమెను ఎక్కించారు, చేతికి కర్ర ఇచ్చారు. పని అంటే పనే ఆమెకు. ఎడమ చేత్తో కొంగు లాగి నడుముకు చెక్కుకుంది, చెయ్యి నడుం మీద పెట్టుకుంది, "ఎటు చూడాలె, సారూ?" అని తల ఒక పక్కకు వాల్చి నా వైపు చూసింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానేమో అని ఒక అనుమానం మాత్రం మెరిసింది. తేరుకునేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. పక్కన ఇంకో కెమెరా మా అత్తను కూడా తీస్తూ ఉంది. భూతం ఎంత ఎత్తులో ఉండాలో, ఎటు తిరగాలో కంప్యూటరు వాళ్ళకు తెలియడానికట. అప్పుడు దాన్ని మేమెవరం పట్టించుకోలేదు.

సినిమా విడుదలయ్యే నాటికి మా తమ్ముడి పెండ్లి దగ్గర పడింది. నేను రోజూ "అత్తమ్మా, పెండ్లి..." అనడం, ఆమె "చూద్దాం తీ" అనడం. ఆ చూద్దాం ఎప్పుడు "పో" అవుతుందా అని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకొని ఉన్నాను. చివరికి "సినిమా చూసొచ్చినంక చెప్త" అన్నది. ఇంకేముంది, సినిమా బాగుండాలని నేను మొక్కని దేవుడు లేడు. మా ఊళ్ళో చోటు దొరికినవాళ్ళంతా ట్రాక్టర్లు ఎక్కి మ్యాట్నీకి భద్రాచలం బయలుదేరారు. బ్రిడ్జి మీద పోతుంటే పోరగాళ్ళు "మంచిగ చూసుకోన్రి, పెకిలించేది దీన్నే" అని అందరికీ చూపించారు.

పెకిలించలేదు. రైలూ ఎత్తలేదు. వీరుడు సగం సినిమా ఎగరకుండా ఒక గదిలో కూర్చొని బాధపడ్డాడు. ఎగిరినప్పుడు కూడా గాలికి చొక్కా కదల్లేదు, జుట్టు కదల్లేదు. ఇస్త్రీ చేసి దండెం మీద వేసినట్టు ఉన్నాడు. "గ్రాఫిక్స్ బోగస్!" అని ముందు వరసల్లో టౌను పోరగాళ్ళ అరుపులు. "బస్సేదిరా?" అని మా అత్త గొణుగుడు. నేను మొక్కిన దేవుళ్ళకే మళ్ళీ మొక్కాను. అప్పుడు గోదావరి లేచింది, అందులోంచి భూతం లేచింది. మొసలి మూతి, గుట్టంత ఒళ్ళు, రెండు రెక్కలు. వచ్చి మా మక్కచేనులో నిలబడింది. ఆ భూతం ఎడమ రెక్కను మెల్లగా లాగింది, మడిచింది, నడుముకు చెక్కుకుంది. చెయ్యి నడుం మీద పెట్టుకుంది. తల ఒక పక్కకు వాల్చి చూసింది.

(కంప్యూటరు ముందు కూర్చున్న ఆ పిల్లలను నేనేమీ అనను. డైరెక్టరే చెప్పి చేయించాడనుకొని, ఉన్నదున్నట్టు దించి ఉంటారు. ఎంత కష్టపడి దించారో, మూతి తిప్పడం కూడా వదల్లేదు.)

మా ఊరి వాళ్ళు తెరను చూడటం మానేసి వెనక్కి తిరిగి మా అత్తను చూశారు. నేను కుర్చీలో కిందికి జారాను. మా ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ముందు వరసలో ఒకడు పగలబడి నవ్వి, "ఇదేం భూతంరా, ముసల్దాని లెక్క నడుం మీద చెయ్యి పెట్టుకున్నది!" అన్నాడు. హాలంతా నవ్వింది. మా అత్త లేచింది. లేవడమే కాదు, కుర్చీ ఎక్కింది. "ఎవడ్రా ముసల్దన్నది?" అని ఎడమ చేత్తో కొంగు లాగి నడుముకు చెక్కుకుంది.

మా సీట్లు వెనక వరసలో ఉన్నాయి. బొమ్మ పడే వెలుతురు సరిగ్గా మా నెత్తి మీది నుంచే పోతుంది. తెర మీద భూతం, దాని పక్కన అంతే ఎత్తున, అదే తీరున నడుం మీద చెయ్యి పెట్టుకొని మా అత్త నీడ. హాల్లో నవ్వు ఆగిపోయింది. "ఇంకోటి వచ్చిందిరో!" అని ఎవడో అరిచాడు. తర్వాత విజిళ్ళే విజిళ్ళు. సినిమా మొదలైనప్పటి నుంచి ఆ హాల్లో విజిల్ వినపడింది అప్పుడే. అదే సమయానికి తెర నిండా నా మొహం వచ్చింది. కళ్ళు తేలేసి, పెదవులు వణికి, ప్రాణం గొంతులో పెట్టుకున్న నా మొహం. అంత బాగా నటించానని నాకే తెలియదు. మా అత్త కుర్చీ మీది నుంచే ఆ మొహాన్ని చూసింది. ఆనాడు ఆ మొహానికి ఎదురుగా బల్ల మీద నిలబడ్డది ఎవరో ఆమెకు తెలుసు. తల వంచి నన్ను చూసింది. దిగి కూర్చుంది.

సినిమా అయిపోయేదాకా మాట లేదు. ట్రాక్టర్లో మాట లేదు. బ్రిడ్జి దాటాం, బూర్గంపాడు దాటాం, మాట లేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా మాట లేదు. ఇక పెండ్లి లేదు, పుట్టిల్లు లేదు అని నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇప్పుడు మా అత్త లేదు. ఆ వయసుకు నేనూ దగ్గర పడ్డాను. ఆమె ఆ రాత్రంతా ఏం ఆలోచించిందో ఇప్పుడు కొద్దిగా ఊహించగలను, అప్పుడు నాకేం తెలుసు.

పొద్దున కడవతో నీళ్ళు తెచ్చేసరికి మా వాకిట్లో జనం. ట్రాక్టర్లో చోటు లేక సినిమాకు రాని ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. మధ్యలో మా అత్త. "బస్సు సంగతి మాత్రం ఈసారి గూడ చూపియ్యలే. వాడు ఎత్తుడు ఎత్తిండు, దించుడు మర్సిండు. మొత్తం సినిమాల మంచిగున్నది ఒక్కటే, అది నేను" అని చెప్తూ ఉంది. నన్ను చూసి ఆగింది.

"ఇగో పిల్లా, మీ తమ్ముని పెండ్లికి నువ్వు పో" అన్నది. "నేను గూడ వస్త. మీ ఊరోళ్ళు సినిమా చూసిన్రో లేదో, అక్కడ మనిద్దరం చేసి చూపియ్యాలె గద. ఏదీ, వీళ్ళకొక్కసారి చేసి చూపిద్దాం పా."

లేచి నిలబడింది. కొంగు నడుముకు చెక్కుకుంది, చెయ్యి నడుం మీద పెట్టుకుంది, తల వాల్చింది. నేను చూశాను. మూతి కొసన నవ్వు దాచుకోలేక తిప్పలు పడుతున్న ఒక ముసలామె కనబడింది. ఎంత వెతికినా నాకు భయం దొరకలేదు. అయినా కడవ కింద దించి, రెండు చేతులూ చెంపల మీద పెట్టుకొని, వాకిట్లో కోళ్ళన్నీ లేచిపోయేలా కెవ్వుమని అరిచాను.