ఈ గీత ఎవరు గీశారు?

గిన్నెలు తోమే సబ్బు నురగలో రికార్డును అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతూనే ఓగ్వెనో మొదలుపెట్టేశాడు.

"ఈ గీత ఎవరు గీశారు?"

అదే అతని జబ్బు. పాత రికార్డుల పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు మా ఊరు కిసుములో ఇంకొందరున్నారు. వాళ్లు రికార్డు తీసుకుంటారు, పాట ఇస్తారు. ఓగ్వెనో ముందు విచారణ జరుపుతాడు. గీత ఎలా పడింది, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఎవరి మీద అలిగారు, అన్నీ తేలితే గాని సూది దించడు. బస్టాండులో అతని పేరు సీఐడీ.

అతని కొట్టుగదిలోనే ఒక మూల యాంప్లిఫయర్లు బాగుచేసే నాకు ఇది రోజూ చూసే నాటకం. ఓసారి పాస్టరుగారు కీర్తనల అట్టలో పెట్టి ఒక డాన్సు రికార్డు తెచ్చారు.

"దుమ్ము గీతలే నాయనా."

"దుమ్ము ఇంత గుండ్రంగా పడదండీ. ఇది బూటు మడమ."

పాస్టరుగారు కాసేపు పైకప్పు రేకుల్ని ధ్యానించారు. "పెళ్లికి ముందు... బల్లెక్కి ఆడేవాణ్ణి," అన్నారు. అప్పుడు గాని ఆయనకు పాట దక్కలేదు.

"నీకెందుకోయ్ ఊరివాళ్ల గుట్టు?" అని అడిగితే, "గాడి చెడిందంటే కారణం ఉంటుంది ఓమేరా. కారణం తెలీకుండా నువ్వు యాంప్లిఫయర్ విప్పుతావా?" అన్నాడు. విప్పను.

ఆరోజు ఎదురుగా కూర్చున్నది సేమే ఆడపడుచు. అత్తవారి ఊళ్లో ఆవిణ్ణి పుట్టినూరి పేరుతో అలాగే పిలుస్తారు.

"మేక తొక్కింది," అందావిడ.

"మేక తొక్కితే రికార్డు ముక్కలవ్వాలి. ఇది ఒకే గీత, అదీ సరిగ్గా పాట నడుమ. మీ మేక చదువుకుందా అమ్మా?"

అది బెంగా పాట, అంటే గిటార్ల మీద నడిచే మావాళ్ల పాట. మధ్యలో వాయిద్యాలు ఆపించి, రికార్డు ఖర్చు భరించిన పెద్దమనిషి తన గొప్ప తానే కేకేసి చెప్పుకోవడం మావాళ్ల ఆచారం. ఇందులో కేకేసింది ఆవిడ భర్త, చేపల వ్యాపారి ఓబురా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. శనివారం ఆయన పేరిట విందు. ఇంట్లో ఫొటోలున్నాయి గాని, గొంతు మిగిలింది ఈ పాటలోనే. మనవలెవరూ దాన్ని విని ఎరగరు.

ఓగ్వెనో రికార్డును మెత్తటి గుడ్డతో అద్ది, ఆరబెట్టి, సూది దించాడు. గిటార్లు ఆగాయి.

"నేను ఓబురాని! సేమే ఆడపడుచు మొగుణ్ణి!"

టక్కున సూది ఎగిరి మళ్లీ గిటార్ల మధ్య పడింది.

"ఇక్కడ ఏం పోయింది?"

"ఆయన నవ్వు."

"నవ్వుకి ముందు?"

ఆవిడ తలగుడ్డ సవరించుకుంది. "గెమ్ ఆడపడుచు మొగుణ్ణి అని... ఇంకో ముక్క."

"ఇప్పుడు మేక పేరు చెప్పండి."

"నేనే! తలపిన్నుతో! నా సవతి పేరు చెప్పి అంత సంబరంగా నవ్వుతాడా? ఆ పేరొక్కటే పోతుందనుకున్నా. నవ్వు కూడా పోతుందని నాకేం తెలుసు?"

చిటపటలైతే కంప్యూటర్ తుడిచేస్తుంది. తవ్వేసిన చోట నవ్వు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

"ఈ పాట ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"దాని దగ్గరుంది. చచ్చినా దాని గడప తొక్కను. ఆయన్ని పూడ్చిన రోజునుంచీ మాటల్లేవు."

మర్నాడు ఓగ్వెనో కొట్టు మూసి ఊళ్లకు తిరిగే మటాటు వ్యాను ఎక్కాడు. సాయంత్రానికి, రికార్డును చంటిపిల్లలా గుండెకు హత్తుకున్న ఒకావిడతో దిగాడు. గెమ్ ఆడపడుచు, ఓబురా చిన్న భార్య.

"ఈ గీత ఎవరు గీశారు?"

"ఎలక."

"ఎలకకు ముందు పళ్లు రెండమ్మా. గీత ఒకటే ఉంది."

ఆవిడ రికార్డులో గిటార్లు ఆగాయి, సూది ఎగిరింది, ఆపైన "గెమ్ ఆడపడుచు మొగుణ్ణి!" అని వినబడింది. వెనకే పొట్ట పట్టుకుని నవ్వే పెద్ద నవ్వు. ముందున్న సవతి పేరూ లేదు, ఓబురా పేరూ లేదు.

ఓగ్వెనో రమ్మన్న వేళకే పెద్దావిడా వచ్చింది. గదిలో ఉన్నది ఒకే బెంచీ. ఇద్దరూ దాని మీద వీపులు కలిపి కూర్చున్నారు. ఓగ్వెనో ఒకదాంట్లోంచి ముందు సగం, రెండోదాంట్లోంచి వెనక సగం తీసి, కేకకూ కేకకూ మధ్య ఊపిరి తీసుకున్న చోట అతుకు వేశాడు. నేను చెవి పెట్టి వెతికినా అతుకు దొరకలేదు.

"నేను ఓబురాని! సేమే ఆడపడుచు మొగుణ్ణి! గెమ్ ఆడపడుచు మొగుణ్ణి!"

నవ్వు గదంతా నిండిపోయింది.

"ముందు నీ పేరేగా చెప్పాడు, అక్కా," అంది చిన్నావిడ గోడకేసి చూస్తూ. "అందుకే గీశాను."

"నీ పేరు తరవాతేగా నవ్వాడు. అందుకే నేనూ." పెద్దావిడ బెంచీ మీద ఇటు తిరిగింది. "మళ్లీ పెట్టు బాబూ."

మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. చివరికి ఓగ్వెనో పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బయటికి తీశాడు.

"నాకోటి?" అన్నారిద్దరూ.

"ఒకటే వచ్చిందమ్మా. అతుకు పాట కదా, కంప్యూటర్ రెండోసారి ఇవ్వనంటోంది. శనివారం ఇద్దరూ కలిసే వినిపించండి పిల్లలకి."

నా సొరుగులో పెన్‌డ్రైవ్‌లు గుప్పెడున్నాయి. చెబుదామని నోరు తెరిచేలోపు ఓగ్వెనో బూటు నా కాలిమీద పడింది.

అతను చెయ్యి చాచి పెన్‌డ్రైవ్ ఇవ్వబోయాడు. రెండు చేతులు ఒకేసారి అందుకున్నాయి. ఓగ్వెనో వదిలాడు, వాళ్లిద్దరూ వదల్లేదు. ఇరుకు తలుపులోంచి పక్కకు తిరిగి, ఒకరి వెనక ఒకరు, దాన్ని అలాగే పట్టుకుని వీధిలోకి దిగారు.