ఉడకబెట్టిన రై విస్కీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు బాగా చేతనైన పని ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కటీ చేజారితే మనం ఎవరికీ అక్కర్లేదన్న భయం లోపల గూడు కట్టుకుని ఉంటుంది. ఆ రోజుల్లో నాకు చేతనైన ఆ ఒక్క పని వాసన చూడటం. అల్లూరు దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, ఇరవై రెండేళ్ల వయసులో, నెల్లూరులో చదివిన డిగ్రీ (మార్కులు అడగొద్దు) చేతిలో పట్టుకుని ఇంటర్వ్యూకి వెళితే, నన్ను ప్రశ్నలేవీ అడగలేదు. ఉడికించిన రొయ్యలు మూడు ప్లేట్లు ముందుపెట్టి, "చెప్పమ్మా" అన్నారు. రెండో ప్లేటులో కిరసనాయిలు వాసన ఉందన్నాను. తీరా విచారిస్తే ఆ సరుకు తెచ్చిన వ్యాన్‌లో ముందురోజు కిరసనాయిలు డబ్బా ఒలికిందట. అంతే, ఉద్యోగం వచ్చేసింది. ఇందులో నా గొప్పేమీ లేదు. మాది సముద్రం మీద బతికిన ఇల్లు. మా అవ్వ చేపల గంప వీధి మలుపులో ఉండగానే, అందులో నిన్నటివి ఎన్నున్నాయో అరుగు మీద నుంచే చెప్పేది. ఆ ముక్కే నాకూ వచ్చింది.

మా మేనేజర్‌ని అందరూ ఐస్ సారు అనేవాళ్లు. సరుకు వచ్చినా, సరుకు పోయినా, మనుషులు పోట్లాడుకున్నా ఆయన నోట మొదట వచ్చే మాట "ఐస్ వెయ్యండయ్యా" అనే. ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా నన్ను పిలిపించి, "ఈ అమ్మాయి మా ముక్కు" అని పరిచయం చేసేవారు. పేరు చెప్పేవారు కాదు. నేనేమో ఆ మాటకు పొంగిపోయి, ముక్కుపుడక ఒకసారి సర్దుకుని నిలబడేదాన్ని.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. రైతు గుంటలో రొయ్యలు పట్టే ముందు గుప్పెడు తెచ్చి మాకు ఇస్తాడు. వాటిని ఉప్పు వెయ్యకుండా మూతపెట్టిన స్టీలు గిన్నెలో మూడు నిమిషాలు ఉడికించి, మూత తీసీ తియ్యగానే ఆవిరిలో ముక్కు పెట్టాలి. తర్వాత ఒక ముక్క నమిలి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాగితం మీద మార్కులు వెయ్యాలి. ముఖ్యంగా చూడాల్సింది మట్టి వాసన. వానలు పడి గుంటలో నాచు లేస్తే రొయ్యకు ఆ వాసన పడుతుంది. ముందే కనిపెడితే భయం లేదు. నీళ్లు మార్చి పదిరోజులు ఆగితే పోతుంది. కనిపెట్టకుండా పట్టేస్తే మాత్రం ఇక ఏ మసాలాకీ లొంగదు.

ఆ సంవత్సరం వానాకాలంలో ఫ్యాక్టరీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పాపానికి నాకు జలుబు పట్టుకుంది. మామూలు జలుబు కాదు. మల్లెపూలూ ఫినాయిలూ ఒక్కలాగే ఉండేవి, అంటే రెండూ లేనట్టే. ఆ మాట చెప్పి రెండ్రోజులు సెలవు పెట్టి ఉంటే సరిపోయేది. కానీ ఆరు నెలల ప్రొబేషన్ ఆ పై నెలాఖరుకి పూర్తవుతుంది. ముక్కుగా చేరినదాన్ని, ముక్కు పనిచెయ్యడం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పక్క టేబుల్ అక్క వాసన చూస్తుంటే ఆవిడ మొహం చూసేదాన్ని. ఆవిడ కనుబొమ్మ ముడిపడితే నేనూ మార్కులు తగ్గించేదాన్ని. ఇలా వారం గట్టెక్కాను. ఆ అక్క సెలవు పెట్టిన రోజే మా చిన్నమామ గుంట శాంపిల్ వచ్చింది.

చిన్నమామ అంటే మా అమ్మ తమ్ముడు. సముద్రం మీద వేట మానేసి, ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. అది ఆయన మొదటి పంట. గిన్నె మూత తీశాను. ఆవిరి మొహానికి తగిలింది గానీ వాసన అన్నది లేదు. నమిలాను, మెత్తటి రబ్బరు. మామ బయటి నుంచి ఫోన్ చేసి, "పాపా, మన సరుకు ఎట్టుండాది?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా ఉంది మామా" అన్నాను. మన మామ గుంటలో మట్టి వాసన ఎందుకుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని పదికి తొమ్మిది వేశాను. (పదికి పది వేస్తే బంధుత్వం బయటపడుతుందని ఒకటి తగ్గించాను. అంత నిజాయితీ నాది.)

సరుకు పట్టారు, తల తీశారు, గడ్డకట్టించి కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. కంటైనర్ కదిలేముందు అమెరికా కొనుగోలుదారుకి శాంపిల్ విమానంలో పంపారు. రెండు వారాలకి కబురొచ్చింది, మట్టి వాసన ఉందని. ఐస్ సారు ఒప్పుకోలేదు. "మా ముక్కు పాస్ చేసింది, మీ దగ్గరే ఏదో పొరపాటు జరిగింది" అని రాశారు. వాళ్లు "మేమే వచ్చి చూస్తాం" అని రాశారు. అలా దిగాడు పొడుగు దొర. ఆరడుగుల పైన ఇంకో జానెడు ఉండేవాడు. మా ల్యాబ్ గుమ్మం ఆయన నుదుటికి ప్రతిసారీ తగిలేది, ప్రతిసారీ ఆయనే గుమ్మానికి సారీ చెప్పేవాడు. నా జలుబు అప్పటికి నెల దాటింది. ఇంట్లో ఎన్నిసార్లు ఆవిరి పట్టినా వదల్లేదు.

పొడుగు దొరకి ఒక పిచ్చి ఉంది, రై విస్కీ. రై అంటే గోధుమకు దాయాదిలాంటి చలిదేశపు ధాన్యం. వాళ్ల ఊళ్లో ఏటా దాని రుచికి పోటీలు పెడతారట, ఈయన న్యాయనిర్ణేతట. గుంట నీళ్ల గురించి మా రైతులు మాట్లాడినంత శ్రద్ధగా దాని గురించి మాట్లాడేవాడు. బట్టల మధ్య చుట్టి రెండు సీసాలు తెచ్చాడు. ల్యాబ్ బల్ల మీద మూడు గాజు కప్పులు పెట్టి, మేము బయట ఉండగా పోసి, లోపలికి పిలిచి చెప్పింది ఇదీ: రెండు కప్పుల్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో ఈ అమ్మాయి కనిపెడితే ఆమె ముక్కుని నమ్ముతాను, గొడవపడుతున్న సరుకు మీద ఆమె ఏం చెబితే అదే నా మాట. కనిపెట్టలేకపోతే సరుకు తీసుకోను, ఇక ముందు ఆమె సంతకాన్నీ తీసుకోను.

ఐస్ సారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి, "తాగే పన్లేదమ్మా, వాసన చూసి ఉమ్మేయి. మీ ఇంట్లో నేను చెప్తా" అన్నారు. తర్వాత కప్పుల వంక చూసి, ప్రాణం ఆగక, "సార్, కొంచెం ఐస్ వెయ్యమంటారా?" అని అడిగారు. పొడుగు దొర రెండు చేతులూ కప్పుల మీద అడ్డం పెట్టాడు.

మొదటి కప్పు ఎత్తాను. ముక్కులో మంట తప్ప ఏమీ లేదు. రెండోది మంట. మూడోది మంట. నాలుక చివర అంటించుకుంటే మూడూ ఒకేలా కాల్చాయి. నా కాళ్ల కింద నేల కొంచెం జరిగింది (విస్కీ వల్ల కాదు). మామ పంట, నా ఉద్యోగం, మా అవ్వ వీధిలో చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఆ మూడు కప్పుల్లో మునిగి ఉన్నాయి. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఏ దేవుడు పలికించాడో తెలియదు. "మేము ఏ శాంపిలైనా ఉడికించే చూస్తాం సార్" అన్నాను.

ఐస్ సారు అది ఇంగ్లీషులో చెప్పగానే పొడుగు దొర మొహం చూడాల్సింది. పసిబిడ్డను ఉప్పులో వేస్తామన్నట్టు చూశాడు. "ఉడికిస్తారా? విస్కీనా?" అని ఐస్ సారుని అడిగాడు. ఐస్ సారుకీ ఆ మాట కొత్తే గానీ, ఫ్యాక్టరీ పరువు ముందు ఆయనకు ఏదీ ఎక్కువ కాదు. "అది మా పద్ధతి సార్, రాసిపెట్టి ఉంది" అన్నారు. గోడ మీద నిజంగానే ఇంగ్లీషులో రాసిపెట్టి ఉంది, ఉప్పు లేకుండా మూడు నిమిషాలు అని. పొడుగు దొర అది చదువుకుని, తలపట్టుకుని, సరే అన్నాడు.

మూడు స్టీలు గిన్నెల్లో వేడినీళ్లతో కలిపి మూతపెట్టి, కరెంటు హాట్‌ప్లేట్ మీద పెట్టాను. మూడు నిమిషాలకి మొదటి మూత తీసి, ఏప్రాన్ అంచు తలమీద కప్పుకుని, ఆవిరిలోకి వంగాను. అది వాసన చూడటం కాదు. ఇంట్లో పసుపూ వాము వేసి అమ్మ పట్టించే ఆవిరి ఎలా పడతామో అలా పట్టాను. కళ్లలో నీళ్లు కారాయి. చెవుల్లో టప్‌మని ఏదో విడిపోయింది. నెలరోజులుగా మూసుకున్న తలుపు ఎవరో తన్ని తెరిచినట్టయింది. ఏడు తుమ్ములు తుమ్మాను, ఐస్ సారు లెక్కపెట్టారు. పొడుగు దొర భయపడి కిటికీలు తెరిచాడు.

తల ఎత్తేసరికి ల్యాబ్ అంతా వాసనలే. ఫినాయిలు, ఐస్ సారు తలనూనె, వరండాలో ఎవరో విప్పిన టిఫిన్ క్యారేజీలో గోంగూర. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. మళ్లీ గిన్నెల మీదకి వంగాను. సారాయి ఘాటు ఆవిరై పోయి, అడుగున ఉన్న అసలు సంగతి బయటపడింది. మొదటిదాంట్లో మిరియాలు, లవంగం, కొత్త చెక్కపెట్టె మూత తీసిన వాసన, వెనకాల అడుగంటిన బెల్లంపాకం. రెండోదాంట్లోనూ అవే. మూడోదాంట్లో మిరియాలు వెనక్కి తగ్గి, తియ్యగా ఇంకేదో ఉంది. "ఇదే వేరేది సార్. దీంట్లో మొక్కజొన్న పొత్తు కాల్చిన వాసనుంది" అన్నాను. ఐస్ సారు ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పగానే పొడుగు దొర కుర్చీలోంచి లేచి, నడినెత్తి ఫ్యాన్‌కి తగలబోయి కూర్చున్నాడు. దాంట్లో సగానికి కొంచెం తక్కువ మొక్కజొన్నేనట. "మా ఊళ్లో న్యాయనిర్ణేతలకే అది చిక్కదు" అన్నాడు. ఐస్ సారు నావైపు చూసిన చూపు నా పెళ్లిలో మా నాన్న కూడా చూడలేదు.

అప్పుడు పొడుగు దొర మాట ప్రకారం గొడవ సరుకు తెప్పించి ఉడికించి, గిన్నె నా ముందు పెట్టాడు. "నువ్వు ఏం చెబితే అదే" అన్నాడు. మూత తీశాను. వాన వెలిశాక గట్టు మట్టిని తవ్వితే వచ్చే వాసన. దాచుదామన్నా దాగనంత స్పష్టంగా ఉంది. బాగుంది అని ఒక్క మాట అంటే చాలు. మామ పంట ఓడెక్కుతుంది, నాకు ఉద్యోగం ఖాయమవుతుంది, దొర కూడా నోరు మూసుకుంటాడు. మూత పెట్టేసి మళ్లీ తీశాను, అదే వాసన. నెల తర్వాత తిరిగొచ్చిన ముక్కు చెప్పిన మొదటి నిజాన్నే కాదనడం నావల్ల కాలేదు. "మట్టి వాసన ఉంది సార్" అన్నాను. "మొదట చూసిన రోజు నాకు జలుబు. ఈరోజు కూడా జలుబే, ఇందాకటి దాకా."

ఐస్ సారు ఈ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చడానికి చాలా సమయం తీసుకున్నారు. అర్థమయ్యాక పొడుగు దొర విస్కీ గిన్నెల వంక, నా ఎర్రటి ముక్కు వంక చూసి, బల్ల మీద తలపెట్టి భుజాలు కదిలేలా నవ్వాడు. ఐస్ సారు నవ్వలేదు. "జలుబని ఒక్క మాట చెప్పుంటే నిన్నేమన్నా ఐస్‌లో పెట్టేవాణ్ణామ్మా?" అన్నారు. ఆ గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది, అందుకే ఎక్కువ తగిలింది. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఉద్యోగం తీసెయ్యలేదంటే అది పొడుగు దొర చలవే. ఇక ముందు తనకి పంపే ప్రతి సరుకు మీదా ఈ అమ్మాయి సంతకమే ఉండాలని చెప్పి వెళ్లాడట.

సాయంత్రం బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. రొయ్యలు వలిచే ఆడవాళ్లంతా ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. నా జుట్టుకీ చున్నీకీ పట్టిన వాసన అలాంటిది. ఇంటి గుమ్మంలో అడుగుపెట్టకముందే అవ్వ అరుగు మీద నుంచి లేచి నిలబడింది.

"ఏంది మే, తాగొచ్చినావా?"

"తాగలేదవ్వా. జలుబుకి ఆవిరి పట్టినా."

"దేంతో?"

చెప్పాను. అవ్వ నా చున్నీ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "మిరియాలు వేసినారే, మంచిదే" అని లోపలికి వెళ్లిపోయింది.

చిన్నమామ ఆ వెంటే వచ్చాడు, ఫ్యాక్టరీ నుంచి కబురు అందినట్టుంది. సరుకు ఓడెక్కదు, ఇక్కడే తక్కువకి పోతుంది. తిడతాడని తల వంచుకున్నాను. ఆయన నా ఎదుట చతికిలబడి, "నాకు తెలుసు పాపా" అన్నాడు. "వానలకి నాచు లేచింది. పట్టే ముందు ఇంట్లో వండుకుంటే నాకూ మట్టి కొట్టింది. నువ్వు బ్రహ్మాండం అన్నావు గదా, సదువుకున్న పిల్ల, నా నాలికే సెడిపోయిందేమో అనుకుని గమ్మునున్నా."

ఆయన తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తన నోటి రుచిని కాదనుకుని నా మాట నమ్మిన మనిషి ముందు కూర్చుని ఆ సాయంత్రం చాలాసేపు ఏడ్చాను. ముక్కు మళ్లీ మూసుకుపోయింది. అవ్వ నీళ్లు కాచి, ఈసారి వాముతో ఆవిరి పట్టించింది.

ఇప్పుడు అదే పనిలో నా కింద నలుగురు పిల్లలున్నారు. కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన పోయింది, కొన్ని నెలల పాటు ఏదీ తెలియలేదు, ఇప్పటికీ సగమే. ఆ సంగతి తెలిసిన పొద్దునే తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లి, "సార్, నాకు వాసన తెలియడం లేదు, శాంపిళ్లు పిల్లలకి ఇవ్వండి" అని చెప్పి వచ్చాను. ఆయన సరే అని ఫోన్‌లో పడిపోయారు. అంతే, నిమిషం కూడా పట్టలేదు. బయటికొచ్చి వరండాలో నిలబడితే నవ్వొచ్చింది. ఇంత చిన్న మాట చెప్పలేకే కదా, ఇరవై రెండేళ్ల వయసులో అంత మంచి విస్కీని ఉడకబెట్టాను.